బాడుగింట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే: ఓనరు ముందే చేసుకోవాల్సిన పనులు

నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో ఇళ్లు బాడుగకిచ్చే వాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది కదా, మెట్ల మీద ఎవరన్నా జారిపడితే కంపెనీ వాళ్లే ఇస్తారు కదా?"

మామూలు ఇంటి పాలసీలో ఇవ్వరు. ఆ పాలసీ గోడలకు, స్లాబుకు, సామానుకు. మీ ఇంట్లో మీ అశ్రద్ధ వల్ల ఎవరికైనా గాయమైతే చట్టప్రకారం మీరు కట్టాల్సిన పరిహారం వేరే లెక్క. దానికి పబ్లిక్ లయబిలిటీ కవర్ అని విడిగా తీసుకోవాలి.

ఈ తేడా నేను కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను. మాది నెల్లూరు వేదాయపాళెంలో మేడ. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు బాడుగకిచ్చాం. బయటి మెట్లకు చీమకుర్తి నల్ల గ్రానైట్ వేయించాను, ముఖం కనపడేంత పాలిష్. ఒక కార్తీకమాసం తెల్లవారుజామున, రాత్రంతా ముసురు పట్టి ఉన్నప్పుడు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు పై నుంచి దిగుతూ నాలుగో మెట్టు దగ్గర జారాడు. శబ్దానికి నేను తలుపు తీసేసరికి మెట్ల మీద వాననీళ్లతో పాటు పాలు కారుతున్నాయి. ఆ పిల్లాడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. మణికట్టు విరిగింది, ప్లేటు వేశారు. ఆరు వారాలు పనికి పోలేకపోయాడు. ఆసుపత్రి ఖర్చు, ఆ ఆరు వారాల జీతం నేనే ఇచ్చాను. ఇవ్వాల్సిందే, మెట్లు నావి. హోమ్ లోన్‌తో పాటు చేయించిన పాలసీ పట్టుకుని అడిగితే, "అది బిల్డింగుకండీ, మనుషులకు కాదు" అన్నారు. వాళ్లన్నది నిజమే. పాలసీలో అట్లాగే రాసుంది, నేనే చదవలేదు.

మీరు ఆ పరిస్థితి రాకముందే చేసుకోవాల్సిన పనులు కింద వరసగా రాశాను. ఈశాన్య రుతుపవనాల వాన మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దంచుతుంది కాబట్టి సెప్టెంబరులోపు పూర్తి చేసుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఇప్పుడున్న ఇంటి పాలసీ పూర్తి కాపీ. మొదటి పేజీ ఒక్కటే చాలదు, షరతుల పుస్తకం కూడా కావాలి. లోను ఉంటే బ్యాంకులో అడిగి తీసుకోండి
- ఇంటి పన్ను రసీదు, ప్లాను
- బాడుగ అగ్రిమెంట్లు
- ఫోను, టార్చిలైటు, ఒక కర్ర, బకెట్ నీళ్లు
- తెలిసిన ఎలక్ట్రీషియన్, మేస్త్రి. ఒక పూట పని

1. ఉన్న పాలసీలో ఏముందో చూడండి

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు ఇచ్చే ప్రామాణిక పాలసీ పేరు 'భారత్ గృహ రక్ష'. అగ్నిప్రమాదం, తుఫాను, వరద, భూకంపం వంటి వాటి వల్ల ఇంటికి జరిగే నష్టానికి ఇది మంచి పాలసీ. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే ఆగిపోయిన బాడుగకు కూడా ఇందులో వీలుంది. కానీ జారిపడిన మనిషికి మీరివ్వాల్సిన పరిహారం ఇందులో లేదు.

మీ పాలసీలో 'లయబిలిటీ', 'థర్డ్ పార్టీ' (మీరూ, కంపెనీ కాని బయటి మనిషి) అనే మాటలు వెతకండి. కొన్ని కంపెనీల ప్యాకేజీ పాలసీల్లో ఒక సెక్షన్‌గా ఉంటుంది. ఉంటే ఎంత మొత్తానికో, ఆ సెక్షన్‌కు మీరు ప్రీమియం కట్టారో లేదో చూడండి. పుస్తకంలో సెక్షన్ అచ్చయి ఉండి, మీరు కొన్న కవర్లూ వాటి మొత్తాలూ ఉండే షెడ్యూల్‌లో దాని ఎదురుగా అంకె లేకపోతే, ఆ కవర్ మీకు లేనట్టే. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

మరో సంగతి. 1991లో వచ్చిన పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ప్రమాదకరమైన రసాయనాలతో పనిచేసే సంస్థలకు సంబంధించింది. పేరు ఒకేలా ఉందని ఆ పాలసీ అంటగడితే తీసుకోకండి.

2. ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి

పాలసీకంటే ముందు చేయాల్సింది ఇది. మనిషికి దెబ్బ తగలకుండా చూడటం మొదటి పని. పైగా లోపం తెలిసీ వదిలేశారని తేలితే కంపెనీ కూడా చేయి వెనక్కి తీసుకునే వీలుంది.

కోర్టుల దగ్గర "నాకు తెలియదు" అనే మాట నిలబడటం కష్టం. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దారి పక్కన ఉన్న కట్టడాన్ని సరిగా ఉంచే బాధ్యత యజమానిదేనని, లోపం బయటికి కనపడకపోయినా ఆ బాధ్యత తప్పదని చెప్పింది. వీధి వైపు సజ్జ, పిట్టగోడ ఉన్న ప్రతి ఇంటి ఓనరూ ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి.

మెట్లు: మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గ్రానైట్ దగ్గర్లో దొరుకుతుంది కాబట్టి బయటి మెట్లకు కూడా పాలిష్ రాయే వేస్తాం. తడిస్తే అది నూనె పోసినట్టే. మెట్టు అంచుకు ఒక అంగుళం లోపల రెండు మూడు గాడులు కట్టర్‌తో కొట్టించండి. అది కుదరకపోతే గరుకు టేపు అంటించండి, కానీ ఎండకూ వానకూ ఊడిపోతుంది కాబట్టి ప్రతి వానాకాలం ముందు మార్చాలి. కొత్తగా కట్టిస్తుంటే బయటి మెట్లకు పాలిష్ రాయి వద్దు, గరుకుగా ఉండే ఫ్లేమ్ ఫినిష్ అడగండి. సరైందో లేదో తెలియాలంటే మెట్టు మీద బకెట్ నీళ్లు పోసి, రెయిలింగ్ గట్టిగా పట్టుకుని, అరిగిన హవాయి చెప్పు కాలితో ముందుకు నెట్టి చూడండి. కాలు జారితే పని మిగిలే ఉంది. మెట్ల దగ్గర లైటు రాత్రి వెలుగుతోందా, స్విచ్ పైనా కిందా రెండు చోట్లా ఉందా చూడండి.

పిట్టగోడ, బాల్కనీ: నేల నుంచి కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలి. మేడ మీద కొత్తగా టైల్స్ వేయించిన ఇళ్లల్లో నేల పైకొచ్చి గోడ పొట్టిదైపోతుంది. ఇది ఎవరూ గమనించరు. టేపు పెట్టి కొలవండి. గ్రిల్ చువ్వల మధ్య చిన్నపిల్లల తల పట్టే సందు ఉండకూడదు.

స్లాబు, సజ్జలు: సముద్రం దగ్గరున్న ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది, పెచ్చులు ఊడతాయి. కర్రతో సజ్జ కింద తట్టుకుంటూ పోండి. డొల్ల శబ్దం వచ్చిన చోట మేస్త్రి చేత ఊడగొట్టించి, చువ్వ శుభ్రం చేయించి, మళ్లీ పూయించాలి. తుప్పు అట్లాగే ఉంచి పైన సిమెంటు మెత్తి రంగు వేయిస్తే ఏడాదికో రెండేళ్లకో ఇంకా పెద్ద పెచ్చు పడుతుంది.

కరెంటు: ప్రతి పోర్షన్‌కూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్ అది. దాని మీద ఉండే 'టెస్ట్' బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే ఆరోజే మార్పించండి. ఇంకో పెద్ద తప్పు ఉంది: మాటిమాటికీ పడిపోతోందని బాడుగవాళ్లు గోల పెడితే, ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేస్తాడు. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని అర్థం. గీజరో, బోరు మోటారో, బాత్‌రూం గోడలో తడిసిన వైరో వెతికించండి. ఎర్తింగ్ కూడా అతని చేతే పరీక్ష చేయించండి, మీరు సొంతంగా బల్బు పెట్టి చూడొద్దు.

సంపు, బోరు: సంపు మూతకు తాళం ఉండాలి. రేకు ముక్క, పాత తలుపు మూతలు కావు. వాడని బోరు గొట్టానికి మూత వెల్డింగ్ చేయించండి.

గ్యాస్: రబ్బరు పైపు మీద గడువు అచ్చయి ఉంటుంది, దాటితే మార్చమనండి. రిజిస్టరు అయిన గ్యాస్ కనెక్షన్లకు చమురు కంపెనీలే ప్రమాద బీమా పెట్టాయి: సిలిండరు ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఒక ప్రమాదానికి వైద్యం ఖర్చు మొత్తం 30 లక్షలు మించకుండా. రిజిస్టరు చిరునామాలోని ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా. అందుకే బాడుగకు వచ్చినవాళ్ల కనెక్షన్ మీ ఇంటి చిరునామాకు మారిందో లేదో అడగండి. ఎవరిదో తెచ్చుకున్న సిలిండరుతో ప్రమాదం జరిగితే ఆ డబ్బు వస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి.

లిఫ్టు ఉంటే సర్వీసు కాంట్రాక్టు నడుస్తుండాలి, ప్రతి సర్వీసు స్లిప్పూ దాచాలి.

తిరిగి చూసిన ప్రతి చోటా ఫొటో తీయండి, రిపేరుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. మేస్త్రికి, ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన డబ్బు ఫోన్‌పే ద్వారా ఇస్తే తేదీతో సహా రుజువు ఉంటుంది.

3. అగ్రిమెంట్ సరిచేయండి

స్టాంపు పేపర్ల దగ్గర దొరికే నమూనాలో "ఏ ప్రమాదానికైనా యజమానికి సంబంధం లేదు" అని ఒక లైను ఉంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. అది సంతకం పెట్టిన వాళ్ల వరకే. ఇంటికొచ్చిన చుట్టం, పాలవాడు, కొరియర్ అబ్బాయి దాని మీద సంతకం పెట్టలేదు. మా ఊళ్లో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గాకు వచ్చే బంధువులతో ఒక్కో పోర్షన్‌లో పదిమంది దిగుతారు. వాళ్లల్లో ఎవరికి ఏం జరిగినా ఆ లైను అడ్డుకాదు.

దాని బదులు ఇవి రాయించండి:

- పగుళ్లు, షాక్, లీకు, ఊగే రెయిలింగ్ కనపడితే బాడుగకున్నవాళ్లు వెంటనే వాట్సాప్‌లో తెలపాలి. ఓనరు ఇన్ని రోజుల్లో బాగుచేయించాలి
- ముందుగా చెప్పి ఓనరు లోపలికి వచ్చి చూసుకోవచ్చు
- ఎంతమంది ఉంటారు, దేనికి వాడతారు
- వైరింగ్, గోడలు మార్చకూడదు
- వాళ్ల సామానుకు వాళ్లే ఇన్సూరెన్స్ చూసుకోవాలి, మీ పాలసీ వాళ్ల టీవీకి వర్తించదు

మీకు తెలిసిన లోపాన్ని దాచి ఇల్లివ్వకండి. మామూలుగా చూస్తే కనపడని లోపాన్ని చెప్పాల్సిన బాధ్యత ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఓనరు మీదే ఉంది. మీరు చేయించాల్సిన రిపేరు చేయించకపోతే వాళ్లే చేయించుకుని బాడుగలో తగ్గించుకునే హక్కు కూడా అందులోనే ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో రాతపూర్వక బాడుగ అగ్రిమెంట్ ఏడాది లోపుదైనా రిజిస్టర్ చేయించాలి.

4. ఎంత మొత్తానికి తీసుకోవాలో లెక్కేయండి

"ఐదు లక్షలు చాలదా?" అని అడుగుతారు. ఈ లెక్క చూడండి. మోటారు ప్రమాదాల్లో పరిహారం లెక్కకట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లో స్థిరపరిచింది. మిగతా ప్రమాదాల్లోనూ అది ఒక కొలతగా పనికొస్తుంది. 30 ఏళ్ల మనిషి, నెలకు 20,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 2,40,000. సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేస్తే 1,60,000. ఆ వయసుకు గుణకం, అంటే ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 17. మొత్తం 27,20,000. భవిష్యత్తులో పెరిగే సంపాదన, మిగతా ఖర్చులు ఇంకా కలుస్తాయి.

అందుకని రెండు మూడు పోర్షన్లున్న ఇంటికి కూడా ఈ లెక్కలో వచ్చిన మొత్తానికి తక్కువ తీసుకోవద్దని నా మాట. లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటుకు, పిల్లలుండే హాస్టలుకు ఇంకా ఎక్కువే కావాలి.

పాలసీలో రెండు అంకెలుంటాయి: ఒక ప్రమాదానికి గరిష్ఠం, ఏడాది మొత్తానికి గరిష్ఠం. రెండూ అడగండి. లాయరు ఖర్చులు ఆ మొత్తంలోంచే పోతాయా, విడిగా ఇస్తారా అన్నది కూడా.

5. కొనే ముందు ఈ ప్రశ్నలు మెయిల్‌లో పంపండి

ఏజెంటు నోటిమాట క్లెయిమ్ రోజు పనికిరాదు. కనీసం రెండు కంపెనీలకు ఇవి రాసి, రాతలో జవాబు తీసుకోండి.

- ఇల్లు బాడుగకు ఇచ్చాను, నేను అందులో ఉండను (లేక కింద ఉంటాను). ఈ సంగతి పాలసీలో రాస్తారా?
- బాడుగకుండేవాళ్లను, వాళ్ల ఇంట్లోవాళ్లను థర్డ్ పార్టీగా లెక్కేస్తారా? వాళ్ల చుట్టాలను, డెలివరీ వాళ్లను?
- మెట్లు, మేడ, సంపు, లిఫ్టు, గేటు బయటి అరుగు కవర్‌లోకి వస్తాయా?
- తుఫాను గాలికి నా వాటర్ ట్యాంకో రేకో ఎగిరి ఎవరికైనా తగిలితే?
- ప్రతి క్లెయిమ్‌లో నేను పెట్టుకోవాల్సిన మొత్తం ఎంత?
- ప్రమాదం జరిగిన తేదీ లెక్కా, క్లెయిమ్ వచ్చిన తేదీ లెక్కా?

నాలుగో ప్రశ్న మన జిల్లాలకు చాలా ముఖ్యం. లయబిలిటీ పాలసీల్లో ప్రకృతి వైపరీత్యాలను మినహాయించి, అదనపు ప్రీమియం కడితే చేర్చడం మామూలు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను గుర్తుంది కదా, ఆ గాలికి ఏవి ఎగరవు? ఆ అదనపు కవర్ తీసుకోండి.

చివరి ప్రశ్న పాలసీ ఆగిపోకుండా చూసుకోవడానికి. క్లెయిమ్ వచ్చిన తేదీ లెక్క అయితే, ఈ ఏడాది జరిగిన ప్రమాదానికి వచ్చే ఏడాది నోటీసు వచ్చేసరికి పాలసీ బతికి ఉండాలి. మరణం జరిగిన కేసుల్లో కుటుంబం 2 ఏళ్ల దాకా దావా వేయవచ్చు.

హాస్టలో పీజీనో నడుపుతుంటే ఇల్లని చెప్పి పాలసీ తీసుకోవద్దు. ప్రీమియం కొంచెం తగ్గుతుందని అట్లా చెప్పిస్తారు. క్లెయిమ్ రోజు ముందు చూసేది అదే. ఇంటి పాలసీకి లయబిలిటీ చేర్చం అంటే, పరిశ్రమలు కాని వాటికిచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీ విడిగా అడగండి. ప్రభుత్వ రంగ కంపెనీల్లోనూ ఉంటుంది, బ్రాంచికి వెళ్లి కూర్చుని మాట్లాడండి.

రంగులు వేసేవాళ్లు, మేస్త్రి కూలీలు కర్రల మీంచి పడితే మీ పాలసీ ఇస్తుందనుకోకండి. పనివాళ్లు చాలా పాలసీల్లో మినహాయింపే. పెద్ద పని పెట్టుకుంటే ఆ రోజులకు పనివాళ్ల పరిహార పాలసీ తీసుకోండి, లేదా కాంట్రాక్టరు దగ్గర ఉన్నదాని కాపీ తీసుకుని పని మొదలుపెట్టించండి.

6. పాలసీ చేతికొచ్చాక సరిచూడండి

మీ పేరు ఇంటి పత్రాల్లో ఉన్నట్టే ఉండాలి. ఇల్లు ఇద్దరి పేరున ఉంటే ఇద్దరూ ఉండాలి. డోర్ నంబరు ఇంటి పన్ను రసీదుతో కలవాలి. 'బాడుగకు ఇచ్చినది' అనే మాట, మీరు మెయిల్‌లో అడిగిన ప్రతి కవర్, దాని ఎదురుగా మొత్తం కనపడాలి. లేకపోతే ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు) కాగితం అడిగి తీసుకోండి. మా పాలసీ మొదటిసారి వచ్చినప్పుడు 'ఓనరు నివాసం' అని ఉంది. వారం తిరిగి మార్పించుకున్నాను.

7. ప్రమాదం జరిగిన రోజు

మొదట మనిషి. 108కి ఫోన్ చేయండి, మీరూ వెంట వెళ్లండి. ఆసుపత్రికి తీసుకుపోవడం, అడ్వాన్స్ కట్టడం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. కానీ "మొత్తం నాదే బాధ్యత, ఇంత ఇస్తాను" అని కంపెనీకి చెప్పకుండా కాగితం రాసివ్వకండి, పెద్దమనుషుల దగ్గర ఒప్పందం కుదుర్చుకోకండి. కంపెనీ అనుమతి లేకుండా ఒప్పుకుంటే క్లెయిమ్ పోవచ్చని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. గాయపడినవాళ్ల ఇంట్లోవాళ్లకు ఈ మాట మెత్తగా చెప్పండి: "నేను తప్పించుకోవడంలేదమ్మా, ఇన్సూరెన్స్ ద్వారా వచ్చేలా చూస్తున్నా."

తర్వాత జరిగిన చోటు ఫొటోలు, వీడియో తీసి, ఆ దారి మూసేయండి. చూసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. కంపెనీకి ఆ రోజే ఫోన్, దానితో పాటు మెయిల్. ఫొటోలు తీయకుండా రిపేరు చేయించొద్దు. పెద్ద గాయమైతే, కరెంటు షాక్ అయితే పోలీసులకు తెలపాలి. షాక్ కేసులో కరెంటు సరఫరా చేసే డిస్కమ్ ఆఫీసుకూ చెప్పండి: నెల్లూరులో ఏపీఎస్పీడీసీఎల్, ఒంగోలులో ఏపీసీపీడీసీఎల్. అశ్రద్ధ వల్ల మరణం జరిగితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు ఉంటుంది, దాన్నుంచి ఏ ఇన్సూరెన్సూ కాపాడదు.

లాయరు నోటీసు వస్తే బీరువాలో పెట్టకుండా అదే రోజు కంపెనీకి పంపండి. అన్ని ప్రమాదాలకూ ఓనరే బాధ్యుడు కాదు. పడినవాళ్ల పొరపాటు ఎంత, మీ లోపం ఎంత అన్నది కోర్టు తేలుస్తుంది. రెండో అడుగులో తీసిన ఫొటోలు, రిపేరు రసీదులు పనికొచ్చేది అప్పుడే.

8. క్లెయిమ్ కాదంటే

ఏ షరతు ప్రకారం కాదన్నారో రాతలో అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి 30 రోజులు చూడండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా మీ సొంత పేరున ఉన్న పాలసీ అయితే బీమా తగాదాలు తేల్చే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255, బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. అక్కడ మీ చేతిలో ఉండాల్సింది ఐదో అడుగులో కంపెనీ ఇచ్చిన మెయిల్ జవాబు. దాన్ని ప్రింటు తీసి పాలసీతో కలిపి కుట్టి పెట్టుకోండి.